రంగస్థలంపై బస్తర్: చూపరి ధర్మం

సంగీతం చెవికి, చిత్రం కంటికి అని విభజించడం పరిపాటి. కాని ప్రేక్షకుల సమక్షంలో జరిగే ఏ ప్రదర్శనలోనూ ఈ విభజన నిలువదు. గాయకుడు కూర్చున్న తీరు, వాద్యాలను అమర్చిన క్రమం, వేదికపై పడే వెలుతురు, కళాకారుల వేషధారణ ఇవన్నీ నాదంతో కలిసి శ్రోత మనస్సులో నిలిచిపోతాయి. రాగమేదో మరచిపోయినవారికి సైతం ఏళ్లు గడిచిన తరువాత ఆనాటి దృశ్యం జ్ఞాపకం ఉంటుంది. అటువంటప్పుడు ఆ దృశ్యాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది? ఆడి పాడేవారిదా, ఏర్పాటు చేసేవారిదా, చూసేవారిదా? నగరాలలోని సభలలో ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా కనిపించవచ్చు. బస్తర్ వంటి ప్రాంతానికి వచ్చేసరికి అదే ప్రశ్న ధర్మానికి సంబంధించినదిగా మారుతుంది.

బస్తర్ తెలుగువారికి పరాయి భూమి కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇంద్రావతీ ప్రాంతంలో రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. భోపాలపట్నం, కోంటా పరిసరాలలో నేటికీ తెలుగు వినబడుతుంది. అక్కడి గోండీ మాటలు తెలుగుకు దగ్గరి చుట్టాలు. భద్రాచలం ఏజెన్సీలోని కోయలు తలపై కొమ్ములు ధరించి పెద్ద డోళ్లతో ఆడే కొమ్ము నృత్యాన్ని ఎరిగిన తెలుగు పాఠకుడికి బస్తర్ మాడియాల నృత్యం కొత్తగా తోచదు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడేవరకు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ నేల, పాలనాపరమైన సరిహద్దులు ఎన్ని మారినా, గోదావరి ఇవతలి జనజీవితంతో సంబంధం తెంచుకోలేదు.

మాడియాలలో దండామి శాఖవారి నృత్యం భారతదేశపు జానపద కళలన్నింటిలోను మిక్కిలి ప్రసిద్ధమైన దృశ్యాలలో ఒకటి. పురుషులు వెదురు బద్దల కిరీటానికి అడవిదున్న కొమ్ములను బిగించి, ఈకల కుచ్చులతో అలంకరించి తలపై ధరిస్తారు. గవ్వల సరాలు ముఖం మీదికి వేలాడుతూ కళ్లను సగం కప్పివేస్తాయి. మెడలో పొడవైన డోలు. దానిని ఒకవైపు పుల్లతో, మరొకవైపు అరచేతితో వాయిస్తారు. స్త్రీలు నుదుట ఇత్తడి పట్టీలు కట్టుకొని, మువ్వలున్న ఇనుప కర్రలను నేలపై తాటిస్తూ అడుగులు కలుపుతారు. డోలు ధ్వని, కర్రల గలగల, పాదాల చప్పుడు కలిసి ఒకే లయగా సాగుతాయి. నడుమ నడుమ పురుషులు దున్నపోతుల వలె తలలు వంచి ఒకరినొకరు ఎదుర్కొంటారు. కొమ్ములతో ఆకులను ఎగజిమ్ముతారు. ఇది ముఖ్యంగా వివాహ సందర్భపు నృత్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిదున్న వేట నిషిద్ధం కనుక, పాత కొమ్ములు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే ఆస్తులైనాయి.

ఈ దృశ్యానికున్న శక్తి ఎంతటిదో ఒక పేరు చరిత్ర తెలుపుతుంది. బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ జనులను ‘బైసన్ హార్న్ మాడియా’లని వ్యవహరించాడు. అడవిదున్న నిజానికి బైసన్ కాదు. ఆంగ్లేయ వేటగాళ్లు పొరపాటున అంటగట్టిన పేరది. పైగా ఆ జనులు ఏడాది పొడవునా కొమ్ములు ధరించి తిరగరు. పోడు కొట్టేటప్పుడు, చేపలు పట్టేటప్పుడు, సంతకు వెళ్లేటప్పుడు వారు తక్కిన గ్రామీణుల వంటివారే. ఉత్సవ దినాలలో తలపై పెట్టుకొనే ఆభరణం, బయటివాని చూపు వల్ల, జాతి మొత్తానికి పేరైంది. గ్రిగ్సన్ సహృదయుడు, ఆ జనుల భాషనూ ఆచారాలనూ శ్రద్ధగా గ్రహించినవాడు. అయినప్పటికీ దృశ్యం మనిషిని కప్పివేయగలదనడానికి ఈ నామకరణమే సాక్ష్యం. దుర్బుద్ధి లేని చూపు కూడా తనకు తెలియకుండానే ఎదుటివానిని కుదించివేయగలదు.

ఇంతమాత్రం చేత అలంకారాన్నీ ఆర్భాటాన్నీ దోషంగా పరిగణించడం తగదు. గిరిజన కళ సహజమైనది, నిరాడంబరమైనది, రంగస్థలపు హంగులు దానిని చెడగొడతాయి అనే వాదం తరచు వినబడుతుంది. ఆ వాదం వాస్తవాన్ని గుర్తించదు. కొమ్ముల కిరీటాన్ని కట్టే మాడియా యువకుడు చూడముచ్చటగా ఉండాలనే కడతాడు; తన కుచ్చు పక్కవాని కుచ్చును మించాలని కోరుకుంటాడు. తెలుగునాట కూచిపూడి భాగవతులు పాత్ర ప్రవేశ సమయంలో కాగడాలపై గుగ్గిలం పొడి చల్లి మంటను ఎగయించేవారు. సత్యభామ తెర వెనుక నిలిచి జడను తెరపై నుంచి ఇవతలికి వేయడం కంటే స్మరణీయమైన రంగప్రవేశాన్ని ఊహించడం కష్టం. విద్యుద్దీపాలు రాకముందే, ధ్వనివర్ధకాలు రాకముందే, చూపరిని అబ్బురపరచడం ఈ కళలకు తెలుసు. కనుక దృశ్యవైభవం పట్నం నుంచి పల్లెకు వచ్చిన దిగుమతి సరుకు కాదు.

మరి రంగస్థలం వల్ల మారుతున్నదేమిటి? మొదటిది దిక్కు. గ్రామంలో నృత్యం వలయంగా సాగుతుంది. ఆడేవారు ఒకరికొకరు కనబడుతూ, ఒకరికొకరు వినబడుతూ కదులుతారు. పక్కన నిలుచున్నవానికి తరచు వారి వీపులే కనిపిస్తాయి. వలయానికి ముందువైపు, వెనుకవైపు అనేవి లేవు. వేదిక ఎక్కగానే వలయం విచ్చుకొని వరుస అవుతుంది. ముఖాలన్నీ ప్రేక్షకుల వైపు, తరచు ముందు వరుసలోని ముఖ్య అతిథి వైపు తిరుగుతాయి. రెండవది కాలం. పెళ్లివారి ఇంట రాత్రి పొడవునా, అలసట, ఆకలి, ఉత్సాహం నిర్దేశించినట్లు సాగే ఆట కార్యక్రమ పత్రంలోని కొద్ది నిమిషాలకు కుదించబడుతుంది. మూడవది బంధం. గ్రామంలో చూపరి రేపు ఆడేవాడు, లేదా నిన్న ఆడినవాడు; పెళ్లికి బియ్యమో కల్లో తెచ్చినవాడు. వేదిక ముందు కూర్చున్నవానికి అటువంటి రుణం ఏదీ ఉండదు. ఈ మూడింటిలో మొదటి రెండు కళాసంబంధమైన మార్పులు; మూడవది నైతికమైనది. అది సరిగా ఉంటే మొదటి రెండూ సర్దుకుంటాయి.

స్వతంత్ర భారతదేశం ఈ కళలను వేదికలపైకి తెచ్చింది సదుద్దేశంతోనే. 1953 నుంచి గణతంత్ర దినోత్సవ సందర్భంగా ఢిల్లీలో జానపద నృత్యోత్సవాలు జరిగాయి. 1985-86లో ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు ఏర్పడ్డాయి. వాటిలో నాగపూర్ కేంద్రం పరిధిలోకి తెలుగు ప్రాంతమూ బస్తర్ కూడా వచ్చాయి. 2019 డిసెంబర్‌లో రాయపూర్‌లో జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం జరిగింది. ఈ వేదికల వల్ల ఎక్కడో కొండల నడుమ ఉన్న కళ దేశానికి తెలిసింది. యువకులకు తమ విద్యపై గౌరవం కలిగింది. కొంత ఆదాయమూ లభించింది. ఈ మేలును తక్కువగా అంచనా వేయరాదు. అయితే ఇదే కాలంలో మరొక అలవాటు కూడా పెరిగింది. విమానాశ్రయంలో స్వాగతానికి, ప్రారంభోత్సవాల ఊరేగింపుకు, విందుకు ముందు వినోదానికి కొమ్ముల బృందాన్ని పిలిపించడం అధికారిక మర్యాదలలో భాగమైంది. గంటల తరబడి ఎండలో నిలిచి, అతిథి కారు దిగిన రెండు నిమిషాలలో డోలు వాయించి, తిరిగి లారీ ఎక్కే బృందం ఏ అర్థంలో కళాకారుల బృందం?

వేదికకు, గ్రామీణ కళాకారుడికి మధ్య న్యాయమైన ఒప్పందం సాధ్యమేనని ఛత్తీస్‌గఢ్‌లోనే రుజువైంది. రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ లండన్‌లో నాటకవిద్య అభ్యసించి వచ్చి, 1959లో నయా థియేటర్ స్థాపించి, ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతపు నాచా కళాకారులతో నాటకాలు వేశాడు. తొలినాళ్లలో వారిచేత హిందీ పలికించాడు. వేదికపై కుడివైపు ఎప్పుడు నడవాలో, ఎడమవైపు ఎప్పుడు తిరగాలో నేర్పించాడు. ఊరిలో అంత చురుకుగా ఆడేవారు తన చేతిలో బిగుసుకుపోవడం ఆయనను ఆలోచింపజేసింది. నాలుగు వైపులా జనం ఉండగా ఆడేవానికి కుడి ఎడమల నియమంతో పనిలేదని, వారి భాష వారిదేనని గ్రహించి పద్ధతి మార్చుకున్నాడు. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ ఆ మార్పు ఫలితం. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో అది బహుమతి పొందింది. దర్శకుడు తన అధికారంలో కొంత వదులుకోవడం వల్ల దృశ్యం బలహీనపడలేదు, బలపడింది.

ఆ నయా థియేటర్‌లో పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తర్ వాద్యాలను సేకరించి, వివిధ తెగల కళాకారులను ఒకచోట చేర్చి ‘బస్తర్ బ్యాండ్’ను నెలకొల్పాడు. 2019లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇక్కడ వేదికపై కనిపించేది కొత్త కూర్పు. ఏ ఊరిలోనూ ఇన్ని తెగల వాద్యాలు ఒకేసారి మోగవు. కాని మూలపడిపోతున్న వాద్యాలను వాయించగలవారికి అది పని కల్పించింది. సంప్రదాయానికి అక్షరాలా అనుగుణంగా ఉండడమే గీటురాయి అయితే ఈ ప్రయత్నం నిలువదు. కళాకారుడి మాటకు ఎంత విలువ దక్కిందన్నదే గీటురాయి అయితే ఇటువంటి బృందాలను తరచి చూడవలసిన పద్ధతి వేరు.

కూచిపూడి అనుభవం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. వీథిలో రాత్రంతా ఆడిన భాగవతం నగర రంగస్థలానికి వచ్చినప్పుడు ఎంతో మారింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి నృత్యనాటకాలకు కొత్త రూపం ఇచ్చారు. ఆ మార్పుల మంచిచెడులపై నేటికీ వాదాలున్నాయి. అయినా ఏది ఉంచాలో, ఏది విడవాలో నిర్ణయించినవారు ఆ విద్యలో పుట్టి పెరిగిన గురువులు. మాడియా నృత్యం విషయంలో వలయాన్ని వరుసగా మార్చవలసిందని చెప్పినవారు తరచు ఆ నృత్యం ఆడనివారు.

అలాగని వారిని వారి అడవిలోనే వదిలివేయడమే ధర్మమని చెప్పవచ్చునా? ఈ వాదం పాతదే. వెరియర్ ఎల్విన్ 1939లో ‘ది బైగా’ గ్రంథంలో గిరిజనులకు ప్రత్యేకమైన రక్షిత ప్రాంతం ఉండాలన్నాడు. జి. ఎస్. ఘుర్యే 1943లో దానిని ఖండిస్తూ వారు హిందూ సమాజంలో వెనుకబడిన భాగమేనన్నాడు. ఒకరు వేరుగా ఉంచాలన్నారు, మరొకరు కలుపుకోవాలన్నారు. ఇద్దరి వాదాలలోనూ నిర్ణయం మాత్రం బయటివానిదే. గిరిజనుడిని వేదికపైకి ఈడ్చడం ఎంత అనుచితమో, అతడు వేదిక ఎక్కదలచినప్పుడు అతని స్వచ్ఛత పేరిట అడ్డగించడం అంతే అనుచితం.

పరిష్కారానికి సూచన బస్తర్ ఆచారంలోనే ఉంది. హరేలీ అమావాస్య నుంచి 75 రోజులు సాగే బస్తర్ దసరా దేశంలోని మహోత్సవాలలో ఒకటి. అంతటి వైభవానికి నాంది కాఛన్ గాది అనే తంతు. మిర్గాన్ కులానికి చెందిన ఒక బాలికపై కాఛన్ దేవి ఆవహిస్తుందని విశ్వాసం. ముళ్ల ఊయలపై ఉన్న ఆ బాలిక ఎదుట రాజవంశీయుడు నిలిచి ఉత్సవానికి అనుమతి అర్థించాలి. చివరి రోజులలో గిరిజనులు రథాన్ని రాత్రివేళ కుమ్హడాకోట్ వనానికి తరలించుకుపోతారు; రాజు అక్కడికి వెళ్లి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిన్న తరువాతనే రథం తిరిగి వస్తుంది. సంస్థానాలు పోయినా ఆచారం నిలిచింది. సింహాసనం మీద ఉన్నవాడు ఒక పేద బాలికను అడగడం, అడవికి నడచి వెళ్లి ఒకే పంక్తిలో భోజనం చేయడం ఈ ఉత్సవంలోని మరపురాని దృశ్యాలు. వీటి అందం అలంకారంలో లేదు. అధికారం తల వంచడంలో ఉంది. ఈ తంతులో అధికార సంబంధాలు నిజంగా తలక్రిందులు కాలేదని చరిత్రకారుడు అనవచ్చు. అది నిజమే. అయినా అడగవలసిన అవసరాన్ని ఒక సమాజం శతాబ్దాలుగా గుర్తుంచుకోవడం చిన్న విషయం కాదు.

ప్రదర్శనలను ఏర్పాటు చేసే కార్యాలయాలు ఈ మర్యాదను తమ నిబంధనలలోకి తెచ్చుకోవడం అసాధ్యమేమీ కాదు. ఏ నృత్యం బయట ఆడదగినదో, ఏది ఆడరానిదో ముందుగా గ్రామపెద్దలను, ఆడేవారిని అడగవచ్చు. వేదిక వలయానికి చోటిచ్చేదిగా ఉండవచ్చు. ప్రేక్షకులు మూడు వైపులా కూర్చోవచ్చు. ఎంతసేపు ఆడాలన్నది వారితో సంప్రదించి నిర్ణయించవచ్చు. శాస్త్రీయ గాయకుని పేరు ప్రకటించినట్లే డోలు వాయించినవాని పేరూ ప్రకటించవచ్చు. ‘బస్తర్ గిరిజన బృందం’ అన్న మాటతో ఇరవై మందిని ఒక్కరుగా చుట్టివేయనక్కరలేదు. పారితోషికం, ప్రయాణం, బస విషయాలలో తేడా చూపకపోవడం కనీస న్యాయం. అన్నింటికంటే ముఖ్యంగా, ‘మేము రాము’ అన్న సమాధానాన్ని ధిక్కారంగా కాక సమాధానంగానే స్వీకరించగలగాలి. కాదనే వీలు లేనిచోట ఔననడానికి అర్థం లేదు.

గవ్వల సరాల వెనుక నుంచి మాడియా నర్తకుడు కూడా చూస్తూనే ఉంటాడు. ముందు వరుసలో ఎవరు కూర్చున్నారో, ఎవరు మధ్యలో లేచి వెళ్లారో, ఆట ముగిసిన తరువాత ఎవరు దగ్గరికి వచ్చి పలకరించారో అతడు గమనిస్తాడు. చూపరిని కూడా ఎవరో చూస్తున్నారన్న స్పృహ సభామందిరంలో ఉన్నంతవరకు, కొమ్ముల కిరీటం ఎంత దూరపు వేదిక ఎక్కినా దానిని ధరించినవాడు మనిషిగానే కనిపిస్తాడు.