పొడి మీద గమ్

ధ్యాన భాగం: యెహెజ్కేలు 13:10–15

మందమర్రిలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో, బయట నిలబెట్టిన పాత కారు తలుపు తీస్తే లోపలి వేడి ముఖాన కొడుతుంది. ఏటేటా ఆ వేడిని మోసీ మోసీ పైనున్న రూఫ్ లైనింగ్ ఊడుతుంది. మొదట వెనక అద్దం దగ్గర చిన్న బుడగ. వానలు పడేనాటికి గుడ్డ సంచిలా వేలాడి, వెనక కూర్చున్నవాళ్ల జుట్టుకు తగులుతుంది. కొన్నాళ్లు గుండుసూదులు గుచ్చి నెట్టుకొస్తారు. తర్వాత ఫెవికాల్ ఎస్‌ఆర్ డబ్బా తెచ్చి, ఊడిన అంచు ఎత్తి, పూసి అదుముతారు. నాలుగు ఎండలకు మళ్లీ ఊడుతుంది. గమ్ నకిలీదని షాపువాణ్ణి తిట్టుకుంటారు.

కుషన్ పని తెలిసినవాళ్లు మాత్రం ఊడినచోట వేలు రాసి చూపిస్తారు. "గమ్ మంచిదే అన్నా, అడుగే ఖరాబైంది." వేలికి పొడి అంటుతుంది. గుడ్డకూ పైనున్న అట్టకూ నడుమ పల్చటి ఫోమ్ పొర ఒకటుంటుంది. వేడీ తేమా కలిసి ఏళ్ల తరబడి దాన్ని తినేస్తాయి. మనం పూసిన గమ్ ఆ పొడిని గట్టిగానే పట్టుకుంటుంది. పొడికే అట్ట మీద పట్టు లేదు.

అందుకే అసలు పని దించడంతో మొదలవుతుంది. సన్‌వైజర్లు, చేతిపిడులు, లైటు, తలుపుల చుట్టూ రబ్బరు బీడింగు విప్పి, అట్ట విరగకుండా బయటికి తీయాలి. పాత గుడ్డ లాగేసి, మిగిలిన ఫోమ్‌ను బ్రష్‌తో రుద్దాలి. మరీ గట్టిగా రుద్దితే అట్ట చిరుగుతుంది, బద్ధకిస్తే మొదటికొస్తుంది. కూలిలో సగం ఈ రుద్దుడుకే ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది నాకు. ఆ తర్వాతే ఫోమ్ అతికిన కొత్త గుడ్డ. గమ్ రెండు వైపులా పూసి, వేలు పెడితే తీగలు సాగకుండా అయ్యేవరకు ఆగి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో అదుముతూ పోతారు.

ఇక్కడి సింగరేణి భూగర్భ బొగ్గు గనుల్లో దిగినవాళ్లకు ఈ వరుస కొత్తది కాదు. పైకప్పును తట్టి చెవి పెడతారు. డొల్ల శబ్దం వస్తే ఆ వదులు రాయిని ముందు దించుతారు, కప్పుకు బోల్టు బిగించడం తర్వాత. వదులు రాయి కిందే సపోర్టు పెట్టి పని అయిందనుకునే మైనింగ్ సర్దార్ ఉండడు.

బబులోను చెరలో ఉన్నవారి మధ్య ప్రవక్త యెహెజ్కేలు కూడా ఒక వదులు గోడను చూపించాడు. జనం కట్టుకున్న బలంలేని గోడకు అబద్ధ ప్రవక్తలు పైన గచ్చుపూత పూస్తున్నారు. సమాధానం లేనిచోట సమాధానమే ఉందంటున్నారు. వాన, వడగళ్లు, గాలి వస్తాయి, గోడ కూలి పునాది బయటపడుతుంది. కట్టినవాళ్లను వదిలి, పూత వేసినవాళ్లనే దేవుడు నేరుగా నిలదీయడం గమనించండి. నలుగురినీ కలిపేవాళ్లమని చెప్పుకునే మా సంఘపెద్దలకు ఇది కాస్త ఇబ్బందైన భాగం.

గని కుటుంబాల్లో ఈ పైపూత కనిపించే చోటు ఒకటుంది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన బదులు డిపెండెంట్ ఉద్యోగం ఇంట్లో ఒక్కరికే వస్తుంది. అమ్మను చూసుకుంటానని, తమ్ముడికి నెలనెలా ఇంత ఇస్తానని ఆ ఉద్యోగం అందుకున్న అన్న మాటిస్తాడు. రెండేళ్లకు డబ్బు ఆగుతుంది, మాటలూ ఆగుతాయి. క్రిస్మస్‌కు పెద్దలు ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపించి, ప్రార్థన చేసి, ఫొటో తీస్తారు. ఎంత ఇవ్వలేదో, ఎవరు ఏమన్నారో ఎవరూ అడగరు. ఫొటో బాగానే వస్తుంది. ఈస్టర్ నాటికి అన్నదమ్ములు గుడికి వేర్వేరు దారుల్లో వస్తారు.

క్షమాపణ అక్కర్లేదని కాదు. ఆ చేతులు కలవాల్సిందే. కానీ కాగితం మీద లెక్క రాసుకుని, నోరు జారినందుకు తప్పు ఒప్పుకుని, బాకీలో మొదటి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టాక కలిస్తే వేరు. సుంకరి జక్కయ్య యేసును ఇంట్లోకి చేర్చుకున్న రోజునే, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు.

ప్రార్థన: ప్రభువా, మేము అతుకు అడుగుతున్నాం, నువ్వు బ్రష్ తీస్తున్నావు. చిరిగిపోకుండా రుద్దు. ఈ ఆదివారం లోపు నేను వెళ్లి లెక్క చూపించాల్సిన ఇల్లు ఏదో నాకు తెలుసు. నన్ను అక్కడికి పంపు. ఆమేన్.