వట్టిపోయిన రోజుల్లో

మిసైళ్ల ల్యాబులున్న మా కంచన్‌బాగ్ వైపు ఇంకా పాలకొట్టాలు కనిపిస్తాయి. రేకుల కప్పు, సిమెంటు నేల, పొట్టి పలుపు. ఆవుకి రోజుకి దాదాపు 12 గంటలు పడుకోవాలని ఉంటుంది. సిమెంటు మీద మోకాళ్లు ఒరుసుకుపోతాయి, కాబట్టి నిలబడే ఉంటుంది.

రబ్బరు మ్యాట్ వేస్తే పాలు పెరుగుతాయంటారు. నిజమే. కానీ కారణం పాలే అయితే, వట్టిపోయిన రోజు మ్యాట్ లాగేయొచ్చా? 1965లో బ్రిటన్‌లోని బ్రాంబెల్ కమిటీ పశువుకి లేచే, పడుకునే, అటూ ఇటూ తిరిగే స్వేచ్ఛ ఉండాలంది. ఎన్ని లీటర్లిస్తే అని అడగలేదు.

కొట్టం నడిపేవాణ్ణి తిట్టడం తేలిక. అప్పు తీర్చాల్సినవాడికి లాభం లెక్క చెప్పాల్సిందే. పొద్దున్నే ప్యాకెట్ చింపే మనకి ఆ సాకు లేదు. ఈనే ముందు ఆవు పాలివ్వని ఆ 60 రోజుల పడక ఖర్చు కూడా మన లీటరు ధరలో ఉండాలి.