అభయము తెలిసిన పిదప

నిండుచూలి గుఱ్ఱము పగటివేళ ఈనుట అరుదు. పదునొకండు మాసములు మోసిన గర్భము పక్వమై, పొదుగు నిండి, చనుమొనలపై ముఱ్ఱుపాలు మైనమువలె పేరుకొన్న పిమ్మట గూడ, సాలలో దీపము వెలుగుచు, మనుష్యులు వచ్చుచు బోవుచు, అలికిడి సద్దుమణగనంతవఱకు ఆ తల్లి నేడు కాదు రేపన్నట్లు నిలిచియుండును. రేయెల్ల కనిపెట్టి కూర్చున్న కాపరి తెల్లవాఱుజామున ఒకింత కునుకు తీసినంతనే పిల్లను నేలపై పెట్టును. అశ్వపాలకులు ఈ మాటను అబ్బురముతోను కొంత విసుగుతోను చెప్పుకొందురు. నాకు మాత్రము ఇందు విసుగుకొనవలసినది కానరాదు. పరుగెత్తజాలక, పోరాడజాలక నేలబడియుండవలసిన ఆ కొలది నిమిషములను శత్రువు కంటబడకుండ దాటవలెనను ఆదిమమైన వివేకమే కానవచ్చును.

వివేకమంటిని గాని, ఇది ఆలోచించి చేసిన నిర్ణయము కాదు. భయము కలిగినపుడు అధివృక్కగ్రంథులు రక్తములోనికి విడుచు అడ్రినలిన్ గుండెకును కాళ్లకును బలము నిచ్చుచు, గర్భాశయపు కండరములను సడలించును. నెలలు నిండకమునుపే వచ్చిన నొప్పుల నాపుటకు వైద్యులు వాడు టెర్బ్యుటలిన్ అను మందు ఈ మార్గముననే పనిచేయును. మఱొక మార్గమును కలదు. ఈనుచున్న పందులను తమ చోటునుండి కదల్చి చూచిన శాస్త్రజ్ఞులు, నొప్పులను నడపు ఆక్సిటోసిన్ స్రావము తగ్గుటను, దానిని తగ్గించునవి శరీరము స్వయముగా పుట్టించుకొను నల్లమందు జాతి పదార్థములే యగుటను కనుగొనిరి. 1966లో నైల్స్ న్యూటన్ మొదలగువారు ఈనుచున్న చిట్టెలుకలను కలతపెట్టి చూడగా వాని కాన్పు జాగైనది. బాధను మఱపించు పదార్థమే కాన్పును గూడ పట్టి నిలుపుట నన్ను ఎంతయో ఆలోచింపజేసినది. ఆ తల్లి శరీరము తన్ను ఓదార్చుకొనుటయు, బిడ్డను లోపల దాచుకొనుటయు ఒక్క చేతితోనే చేయుచున్నది.

అయినను ఈ ఓపికకు ఎల్ల కలదు. ఉమ్మనీటిసంచి పగిలిన పిదప గుఱ్ఱము ఆగజాలదు. అరగంటలో అంతయు ముగియవలసినదే. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానములందు మందలుగా తిరుగు విల్డెబీస్ట్ అను మృగము, పిల్ల తల బయటపడనంతవఱకు కాన్పును నిలుపుకొని లేచి పరుగెత్తగలదని దానిని చిరకాలము పరిశీలించినవారు వ్రాసిరి. ఇక్కడ నాకు తోచిన విశేషమొకటి కలదు. గుఱ్ఱము చీకటిని, ఏకాంతమును కోరును. ఈ మృగము పట్టపగలు, మంద నడుమ ఈనును. ఏటేట రెండుమూడు వారములలోనే తల్లులలో పెక్కు భాగము ఒక్కసారిగా ఈనుటచే దుమ్ములగొండులు తినగలిగినంత తినినను ఇంకను అసంఖ్యాకముగా పిల్లలు మిగులును. ఒకదానికి అభయము ఒంటరితనమున, మఱొకదానికి గుంపున. కావున అభయమనగా చీకటియు కాదు, గోడయు కాదు. ఆ ప్రాణి దేనిని తనదిగా గుర్తించునో అదియే.

తొలికాన్పునకు ఆడుబిడ్డను పుట్టింటికి తెచ్చు మన ఆచారమును నేను ఈ దృష్టితోనే చూచుచుందును. వెనుకటి పురిటిగదిని పొగడుట నా ఉద్దేశము కాదు. రక్తస్రావమై, సూతికాజ్వరము తగిలి ఎందఱు తల్లులు అందు కన్నుమూసిరో తలచుకొన్నచో ఆసుపత్రికి చేతులెత్తి నమస్కరింపవలసినదే. కాని ఆ గదిలో తల్లియో, పినతల్లియో, ఎఱిగిన మంత్రసానియో వీపు నిమురుచుండిరి. 1978లో ప్రకటితమైన ఒక పరిశోధనయందు, ప్రసవించుచున్న స్త్రీల ఆందోళన హెచ్చినకొలది రక్తమున అడ్రినలిన్ హెచ్చుటయు, గర్భాశయసంకోచములు మందగించుటయు కనబడెను. ఇంటివద్ద ఎడతెగక వచ్చిన నొప్పులు ఆసుపత్రి గడప దాటగానే చల్లబడినవని మన ఆడువారు చెప్పు మాటను, ఇట్టి సంగతులు చదివిన పిదప, నేను తేలికగా త్రోసివేయజాలను. అపరిచితులు, తళతళలాడు దీపములు, ప్రక్క మంచముననుండి వచ్చు కేక, తలుపునకు ఆవల తల్లి: ఇన్నిటి నడుమ నిలిచిన నొప్పులను రప్పించుటకు సెలైనులో కలిపి ఎక్కించు మందు ఆ ఆక్సిటోసినే. 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో దానిని నిర్మించెను. 1955లో నోబెల్ బహుమతి పొందెను. అది ఎందఱినో కాపాడిన ఔషధము, దానిని నిందింపను. నా బాధ వేఱు. ఆలస్యమునంతటిని ఆమె దేహలోపముగా కాగితముపై వ్రాసికొందుము గాని, ఆమె దేనికి జంకినదో అడుగువారు అరుదు.

ప్రసవవేళ స్త్రీ తాను కోరిన మనిషిని తోడుంచుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసినది. అయినను మంచమునకు మంచమునకు నడుమ తెర లేని ప్రసూతిశాలలు నేటికిని కలవు. ఇతర స్త్రీల మానమర్యాదల నిమిత్తమే ఎవరినీ లోనికి రానీయమని అక్కడివారు చెప్పుదురు, అది అబద్ధమును కాదు. ఆ తెరలు కట్టించుట నొప్పుల మందును కొనుటకంటె తక్కువ వైద్యమని నేను ఒప్పుకొనను.