కరువు వేరు, ఉపోసథం వేరు
(పాత రీలు కెమెరా మీద మమకారం గురించి ఒక ధమ్మ విచారణ)



ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినం జరుపుతారు. 1839లో ఆ రోజునే డాగురే కనిపెట్టిన ఫోటో పద్ధతిని ఫ్రాన్సు లోకానికి వెల్లడించింది. మన ఊళ్ళల్లో ఫోటోగ్రాఫర్ల సంఘాలు ఆ రోజు డాగురే పటానికి పూలదండ వేస్తాయి. పాత కెమెరాలు కూడా బయటికి వస్తాయి. అగ్ఫా క్లిక్ త్రీ, యాషికా, జెనిట్, పెంటాక్స్ కె1000. పెద్దవాళ్ళు వాటిని చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, "ఆ కాలమే వేరప్పా. ఒక్కో ఫోటోకు లెక్కుండేది. ఇప్పుడు సెల్లులో వంద కొడతారు, ఒక్కటీ తిరిగి చూడరు" అంటారు. ఈమధ్య సెల్లుతోనే పెరిగిన పిల్లలు కొందరు కూడా పాత కెమెరాలు వెతికి కొంటున్నారు.

ధమ్మం నేర్చుకునేవాళ్ళకు ఇది చిన్న మాట కాదు. వాళ్ళు బాధపడుతున్నది శ్రద్ధగా చూడటం పోయిందని. దాన్నే మనం సతి అంటాం, ఎరుక అంటాం. మరి పాత వస్తువుతో పాటు మనిషిలోని ఎరుక కూడా పోతుందా? దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే ఆ వస్తువునే పట్టుకు వేలాడాలా?

ఆ మాటలో ఉన్న నిజం

ముందు న్యాయంగా ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. అగ్ఫా క్లిక్‌లో పెద్ద రీలు వేస్తే 12 ఫోటోలు వచ్చేవి. 35 ఎం.ఎం. రీలుకు 36. వెలుతురు చూసుకొని అపర్చరు తిప్పాలి, షట్టరు వేగం పెట్టాలి, మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేసి ఫోకసు సరిచేయాలి. చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. ఎట్లా వచ్చిందో అప్పుడే తెలీదు. రీలు అయిపోయినాక చీకటి గదిలో డెవలపర్‌లో కడిగి, హైపోలో ముంచి, ఆరబెట్టినాక గానీ ముఖం కనపడదు. ఇన్ని పనులు వరసగా, మనసు పక్కకు పోకుండా చేయాలి. ఇది సతికి దగ్గరి పనే.

ఇంకొకటి కూడా ఉంది. చీకటి గదిలో నలభై ఏళ్ళు బతుకు గడిపిన మనిషికి ఆ పని పోవడమంటే కూడు పోవడం. ఊటీలో 1960లో ప్రభుత్వం పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారుచేసింది. అదీ మూతపడింది. పని పోయినవాళ్ళ బాధను 'తృష్ణ' అని ఒక మాటతో కొట్టిపారేయడం కరుణ కాదు.

అయితే "ఆ కాలమే వేరు" అన్నప్పుడు ఒక ప్రశ్న అడగాలి. ఎవరికి వేరు?

ఒక్కో ఫోటోకు ఉన్న లెక్క

మన మాల, మాదిగ వాడల్లో ఏ ఇంటికైనా పోయి, మీ జేజి ఫోటో ఉందా అని అడిగి చూడండి. చాలా ఇళ్ళల్లో ఓటరు కార్డు తీసి చూపిస్తారు. ఎన్నికల సంఘం 1993లో ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. బతుకంతా కలుపు తీసి, శనక్కాయలు వొలిచి, కెమెరా ముందు ఒక్కసారీ కూర్చోని ముసలమ్మ మొదటిసారి కూర్చున్నది ఆ కార్డు కోసం. లేదంటే రేషన్ కార్డు కోసం. ఆమె పోయినాక ఆ అంగుళం బొమ్మనే స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయించి పటం కట్టించుకుంటారు. పెద్దది చేసేసరికి ముఖం చెదిరిపోతుంది. గోడ మీద మిగిలేది ఆ చెదిరిన ముఖమే. జేజినాయన అంతకు ముందే పోయింటే ఆ చెదిరిన ముఖం కూడా ఉండదు.

అదే కాలంలో ఊరి పెద్ద ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బములు బీరువాల్లో ఉన్నాయి. కాబట్టి 'లెక్క' అందరికీ ఒకటి కాదు. వాళ్ళకు రీలుకు 36 అనే లెక్క. మనకు బతుకుకు ఒకటి, లేదా సున్నా. రీలు ఖరీదైనంత కాలం ఎవరిని గుర్తుపెట్టుకోవాలో డబ్బు తేల్చింది, కులం తేల్చింది.

బాబాసాహెబ్ విషయంలోనూ ఈ బెంగ తప్పలేదు. 1956 డిసెంబరు 7న ముంబయిలో లక్షల మంది నడిచిన ఆయన అంతిమయాత్రను ఫిల్మ్ మీదికి ఎక్కించడానికి మరాఠీ రచయిత, సినిమా మనిషి నామదేవ్ వట్కర్ సొంతంగా డబ్బు సమకూర్చుకోవలసి వచ్చింది. ఆ రీళ్ళ వల్లనే ఇప్పుడు మనం ఆ జనసముద్రాన్ని కదులుతూ చూడగలుగుతున్నాం.

ఫిల్ములో ఏముంది?

ఫిల్మ్ అంటే పలచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణాల సన్న రేణువులు. వెలుతురు తగిలి మారేది ఆ రేణువులు, వాటిని పట్టి ఉంచేది జెలటిన్. ఆ జెలటిన్ దేనితో చేస్తారు? పశువుల ఎముకలు, తోళ్ళు ఉడకబెట్టి. కొడాక్ కంపెనీలో పనిచేసిన శామ్యూల్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త 1920లలో ఇంకో సంగతి కనిపెట్టాడు. ఆవాల జాతి మొక్కలు మేసిన పశువుల జెలటిన్‌లో గంధకం ఉండటం వల్ల ఫిల్ముకు వెలుతురును పట్టే శక్తి పెరుగుతుందని.

పశువు ఏ చేలో ఏం మేసిందో, అది పెళ్ళికూతురి ముఖం ఫోటోలో ఎంత చక్కగా పడుతుందో, రెండింటికీ ముడి ఉంది. పటిచ్చ సముప్పాదం అంటే ఏమిటని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఏదీ తనంతట తాను పుట్టదు, ప్రతిదీ వేరే వాటిని ఆధారం చేసుకొనే పుడుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మన అనంతపురం మెట్టలో వాన తప్పిన ఏడల్లా పశువులు చచ్చాయి. వాటిని ఈడ్చింది ఎవరు? తోలు ఒలిచింది ఎవరు? ఎండిన ఎముకలు ఏరి తూకానికి అమ్ముకున్నది ఎవరు? ఏ ఊరి ఎముక ఏ ఫిల్ములో కలిసిందో ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం ఖాయం. చచ్చిన పశువును తాకినందుకు మనిషిని అంటరానివాడన్నారు, ఆ పశువు ఎముకతో చేసిన పూత మీద పడిన తాతల బొమ్మకు దండ వేసి దేవుడి గూటి పక్కన పెట్టుకున్నారు. ఫోటో కాగితం మీది పూత కూడా జెలటినే. అంటు వస్తువులో లేదని, చూసేవాడి మనసులో ఉందని ఆ పటమే సాక్ష్యం చెబుతోంది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానమని పిలుపిచ్చినప్పుడు అడిగింది ఆత్మగౌరవం. అది తెలిసిన మనం పాత ఫిల్మును పవిత్ర వస్తువుగా చూడనక్కరలేదు, నీచంగానూ చూడనక్కరలేదు. అది ఎందరో చేతులు మారి వచ్చిన వస్తువు, అంతే.

నిదానం ఒక్కటే చాలదు

"నిదానంగా తీసేవాళ్ళం కాబట్టి మనిషిని మనిషిగా చూసేవాళ్ళం" అనే వాదన ఇంకొకటి ఉంది. దీన్ని మన నేల చరిత్రతోనే పరీక్షిద్దాం.

1876–78లో మద్రాసు రాజధానిలో పెద్ద కరువు. ధాత కరువు అని పెద్దలు చెప్పేది అదే. అనంతపురం జిల్లా అప్పటికి పుట్టలేదు. 1882 వరకు మనం బళ్ళారి జిల్లాలోనే ఉన్నాం. ఆ జిల్లా కరువుకు బాగా దెబ్బతిన్నది. ఆ కాలంలో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఆకలికి ఎముకల గూళ్ళయిన జనాన్ని గుంపులు గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అప్పటి కెమెరా ఎంత నిదానమో ఊహించుకోండి. మూడు కాళ్ళ కొయ్య మీద పెట్టె, నెత్తిన నల్లగుడ్డ, లోపల గాజు పలక. ఎదుటివాళ్ళు కదలకుండా ఉండాలి. వెలుతురు, దూరం, వరస అన్నీ శ్రద్ధగా చూసుకున్నాడు. ఫోటోలు తీసుకున్నాడే గానీ వాళ్ళ ఆకలి పట్టించుకోలేదని ఆయన మీద విమర్శ వచ్చింది. పదేళ్ళ తర్వాత బర్మాలో, తుపాకులతో మరణశిక్ష అమలు చేసే క్షణాన్ని ఫోటో తీయడం కోసం శిక్ష అమలును ఆపి ఉంచాడన్న ఆరోపణ మీద విచారణ కూడా జరిగింది.

కెమెరా నిదానమే. చూపు ఏకాగ్రమే. అయినా అది సమ్మా సతి కాదు. అష్టాంగ మార్గంలో సమ్మా సతి ఒంటరిగా నిలబడదు. దానికి ముందు సమ్మా దిట్ఠి, సమ్మా సంకప్పం ఉన్నాయి. ఎదుటివాడి దుఃఖం తగలని ఏకాగ్రత వేటగాడిలోనూ ఉంటుంది. కొంగ కూడా చేప మీద ఏకాగ్రతతోనే ఉంటుంది.

హూపర్ పోయాడు, ఆ చూపు పోలేదు. కరువు మండలంలో ఒక గడ్డిమోపు ఇస్తూ పదిమంది దాన్ని పట్టుకొని ఫోటో దిగడం చూస్తూనే ఉన్నాం. మన మనిషిపై దాడి జరిగితే ఆ శవాన్ని ముఖం కూడా కప్పకుండా వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఆవేశంతో తిప్పేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఆ తల్లి దాన్ని చూస్తుందన్న ఎరుక ఎవరికి ఉంది?

కరువు వేరు, ఉపోసథం వేరు

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. రీలులో 36 మాత్రమే ఉన్నందువల్ల 36 తీసినవాడు నిగ్రహం చూపాడనుకోవచ్చా? మన జిల్లా వాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. కరువులో పస్తుండటం ఉపోసథం కాదు. పున్నమి నాడు ఇంట్లో బువ్వ ఉండీ, మధ్యాహ్నం దాటినాక తినకుండా ఎరుకతో ఉంటే అది ఉపోసథం. కుండలో గింజ లేక కడుపు మాడ్చుకుంటే అది ఆకలి. ఆకలిని గొప్ప చేయడం తిన్నవాడి అలవాటు. బుద్ధుడు దరిద్రాన్ని ఎన్నడూ గొప్పగా చెప్పలేదని బాబాసాహెబ్ స్పష్టంగా రాశారు.

శీలమంటే వేరేగా చేయగలిగి కూడా సరిగ్గా చేయడం. వెయ్యి ఫోటోలు తీయగల సెల్లు చేతిలో ఉండి, ఒక్క క్షణం ఆగి, ఎదుటి మనిషిని చూసి, అడిగి తీసినవాడిది నిగ్రహం. కాబట్టి ఎరుకకు అవకాశం పాత కాలంలో కంటే ఇప్పుడే ఎక్కువ. అప్పుడు రీలు ఆపేది. ఇప్పుడు మనమే ఆగాలి.

ఇవాళ రంగుల రీలు ఒకటి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంది, కడిగించడానికి వేరే. ఉపాధి హామీ కూలి 2025–26లో రోజుకు 300 రూపాయల పైచిలుకు ఉండేది. మూడు దినాల కూలి పెట్టి ఎరుక కొనుక్కోవాలంటే అది ధమ్మం కాదు, వ్యాపారం. ఇష్టమున్నవాళ్ళు, స్తోమత ఉన్నవాళ్ళు రీలు కెమెరా వాడుకోవచ్చు, తప్పు లేదు. అందులోనే నిజాయితీ ఉందని మాత్రం చెప్పకూడదు. పాతది కాబట్టి నమ్మొద్దని, పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మొద్దని భగవానుడు కాలాములకు చెప్పాడు కదా.

ఏరు దాటించిన తెప్పను నెత్తిన మోసుకుపోవద్దనీ ఆయనే చెప్పాడు. మన పెన్నలో, చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఇసుకే. ఆ ఇసుకలో పుట్టిని నెత్తిన పెట్టుకొని నడిచేవాణ్ణి చూస్తే మనకే నవ్వొస్తుంది. కోడాక్రోమ్ రీళ్ళను కడగడానికి తీసుకోవడం 2010 డిసెంబరుతో ఆగిపోయింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా కోర్టుకెక్కింది. సంస్కారాలన్నీ అనిత్యం. తెప్పకు కృతజ్ఞత చెప్పి ఒడ్డున వదిలేయాలి. ఈతలో నేర్చుకున్న ఊపిరి పట్టు మాత్రం మనతో తెచ్చుకోవాలి.

ఆచరణకు

1. ఫోటో తీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి కోసం? ఎదుటివాళ్ళకు ఇష్టమేనా? తీసినాక దీన్ని ఏం చేస్తాను? మూడింటికీ జవాబు లేకపోతే సెల్లు జేబులో పెట్టుకోండి.

2. దాడికి గురైనవాళ్ళ ఫోటోలు గుంపుల్లో తిప్పకండి. సాక్ష్యంగా పనికొచ్చే వీడియోను కత్తిరించకుండా, అది తీసిన సెల్లుతో సహా భద్రంగా ఉంచి వకీలుకు చూపండి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆ కేసుల విచారణను వీడియో తీయాలని చెబుతోంది. ఆ హక్కు అడగండి.

3. ఈ నెల పున్నమి లోపల మీ వాడలో అందరికంటే పెద్దామె దగ్గరికి పోండి. ముందు కూర్చొని మాట్లాడండి, ఆమె చెప్పేది వినండి. తర్వాత వెలుతురున్న చోట కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీయండి. కాగితం మీద ప్రింటు వేయించి, వెనక ఆమె పేరు, ఆమె తల్లి పేరు, పుట్టిన ఊరు, చేసిన పని రాయండి. ఒకటి ఆమెకు ఇవ్వండి, ఒకటి విహారంలో ఉంచండి. పేరు లేని ముఖం రెండు తరాలు దాటితే ఎవరిదో తెలీకుండా పోతుంది.

మన జేజమ్మలను చూడటానికి ఆ కాలానికి తీరిక లేకపోయింది. ఇప్పుడు కెమెరా మన చేతిలో ఉంది. ఇక చూడకపోతే ఆ నేరం రీలు ధర మీద వేయలేం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.