లెక్క చూచుకొనుటకు కూర్చుండలేనివాడు



లూకా సువార్త 14వ అధ్యాయములో మన ప్రభువు గోపురము కట్టదలచిన ఒక మనుష్యుని గూర్చి చెప్పెను. అట్టివాడు పునాది వేయకముందే కూర్చుండి, పని ముగించుటకు తనకు సొమ్ము చాలునో చాలదో లెక్క చూచుకొనవలెనని అందలి భావము. ఈ ఉపమానము శిష్యత్వమును గూర్చినదే. అయినను మన ఇండ్లలో డబ్బు పాడుచేసినవానిని గద్దించుటకు కూడ దీనిని వాడుచున్నాము. “ముందు లెక్క చూచుకొనవద్దా?” అని అడుగుచున్నాము. అయితే ఆ కూర్చుండు శక్తియే వ్యాధివలన తప్పిపోయినవాని సంగతి ఏమి? వాని ఖర్చును పాపమనవలెనా, రోగమనవలెనా? ఈ నెల ఈ ప్రశ్నను ఆలోచింతము.

ఇట్టివానినొకని తలంచుకొనుడి. అతడు నలువది ఏండ్ల రైతు, నెమ్మదస్థుడు. ఒక వేసవిలో అతని నిద్ర రెండు మూడు గంటలకు తగ్గును. అయినను అలసట లేదు. మాట వేగమగును. ఒక మోటారు చాలిన చేనికి మూడు మోటార్లు కొనును. చుట్టములందరికి బట్టలు తెచ్చును. భార్య నగలు తాకట్టుపెట్టి కోళ్లఫారము మొదలుపెట్టును. అర్ధరాత్రివేళ సెల్‌ఫోనులోని యాపులనుండి అప్పు తీసికొనును. కొన్ని వారములు గడచిన పిమ్మట అతడు మంచము పట్టును. అప్పులవారు వాకిట నిలిచినప్పుడు ముఖము గోడవైపు త్రిప్పుకొనును. ఊరిలో కొందరు పొగరందురు, కొందరు చేతబడి అందురు, మరికొందరు ప్రార్థన చాలలేదందురు.

వైద్యులు దీనిని బైపోలార్ వ్యాధి అందురు. ఇందులో ఉద్రేకదశ, కృంగుదశ అని రెండు కలవు. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో ప్రకటించిన వ్యాధినిర్ణయ గ్రంథములో, నిద్ర అక్కర తగ్గుట, మాట పెరుగుట వంటి గురుతులతోపాటు అదుపులేక వస్తువులు కొనుటను కూడ ఉద్రేకదశకు గురుతుగా చెప్పిరి. అనగా ఖర్చు ఈ వ్యాధికి ఫలితము మాత్రమే కాదు, జ్వరమునకు ఒంటివేడి వంటిది.

ఒక మనిషికి ఒక్క వ్యాధియే ఉండునని నియమము లేదు. బైపోలార్ ఉన్న అనేకులకు ఏ.డి.హెచ్.డి. అను ఏకాగ్రతాలోపము గాని, ఆందోళన వ్యాధి గాని, త్రాగుడు గాని కూడ ఉండును. చెరువును చూడుడి. ఉద్రేకదశ కట్టకు గండి వంటిది. ఒక్క రాత్రిలో నీరంతయు పోవును. ఏకాగ్రతాలోపము మూతపడని తూము వంటిది. కరెంటు బిల్లు మరచుట, వాయిదా తప్పుట, చూచినది వెంటనే కొనుట, ఇట్లు దినదినము కొంత కారిపోవును. కృంగినవాడు ఒక్క గడియ ఊరట కొరకు ఏదో కొనును. ఇవన్నియు కూడినప్పుడు మనకు కనబడునది ఎండిన చెరువు మాత్రమే. నీరు ఏ దారిని పోయెనో ఇంటివారికి తెలియదు, అతనికే తెలియదు.

వైద్యము కూడ ఇందువలన చిక్కుపడును. బైపోలార్ ఉన్నవానికి కృంగుదలకని ఒక్క మందే ఇచ్చినయెడల అది ఉద్రేకమును రేపవచ్చును. కాబట్టి వైద్యులు సాధారణముగా ముందు మనోస్థితిని నిలువబెట్టి, పిమ్మట ఏకాగ్రతకు మందిత్తురు. అరిపిప్రజోల్ అను మందు వాడువారిలో కొద్దిమందికి ఆపుకొనలేని కొనుగోలు కోరిక పుట్టవచ్చునని అమెరికా ఔషధ శాఖ 2016లో హెచ్చరించెను. అంతమాత్రమున మందు మానకూడదు. అయితే ఖర్చు సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను. సిగ్గుచేత దీనిని దాచువారే ఎక్కువ.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. నేరము వేరు, బాధ్యత వేరు. ఈ రెంటిని కలుపుటచేతనే మనము తప్పుచున్నాము. ఉద్రేకదశలో ఉన్నవానిని దొంగనుగాని దుర్వ్యాపారినిగాని చూచినట్లు చూచుట అన్యాయము. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపము దీనికి కారణమని శిష్యులడిగినప్పుడు, ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను. అయితే రోగమని చెప్పినంతమాత్రాన అప్పు తీరిపోదు. నగలు పోయిన భార్య నష్టము నష్టమే. గాలివాన ఎవరి నేరమును కాదు. అయినను ఎగిరిపోయిన కప్పును ఎవరో ఒకరు మరల వేయవలెను. గాలివాన వెలసిన పిమ్మట రోగికిని ఒక పని కలదు: మందు వేసికొనుట, మరుసటి వానకు ముందే కట్టను బలపరచుకొనుట.

మన దేశపు చట్టము కూడ ఈ భేదమును ఎరుగును. 1872 నాటి ఒడంబడికల చట్టము 12వ విభాగము ప్రకారము, సాధారణముగా స్థిరబుద్ధి కలిగి అప్పుడప్పుడు మాత్రము అది తప్పువాడు, తప్పిన సమయమున ఒడంబడిక చేయజాలడు. తక్కిన సమయమున అతడు అందరివంటివాడే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మానసిక వ్యాధి ఉన్నదను ఒక్క కారణముచేత ఎవనిని మతిలేనివానిగా ఎంచకూడదని చెప్పుచున్నది.

ఇది ముఖ్యము. ఏలయనగా భయపడిన కుటుంబములు రెండవ వైపునకు తూలుట కలదు. అమెరికా అధ్యక్షుడు అబ్రాహాము లింకను భార్య మేరీ లింకను, 1865లో భర్తను హత్యవలన పోగొట్టుకొనెను. నలుగురు కుమారులలో ముగ్గురిని మరణమునకు అప్పగించెను. 1875 మే 19న షికాగో న్యాయస్థానములో మిగిలిన ఒక్క కుమారుడు ఆమెకు మతి తప్పినదని వ్యాజ్యము నడిపెను. ఆమె అక్కరలేని వస్తువులు విస్తారముగా కొనుచున్నదని దుకాణదారులు సాక్ష్యమిచ్చిరి. ఆ దినముననే జ్యూరీ తీర్పు చెప్పి, ఆమెను ఆశ్రమమునకు పంపెను. కొన్ని నెలలకే ఆమె బయటికి వచ్చెను. 1876 జూనులో మరియొక జ్యూరీ ఆమె ఆస్తిని ఆమె చేతికి మరల ఇచ్చెను. సొమ్ము తిరిగి వచ్చెను గాని, తల్లీకుమారుల నడుమ ఎడబాటు ఏండ్లు నిలిచెను. కుమారుడు సొమ్ము కాపాడదలచెను. అయితే తల్లితో కూర్చుండి ఆమె సమ్మతితో కాపాడలేదు.

కాబట్టి కూర్చుండలేనివానితో మనము కూర్చుండవలెను. దానికి తగిన సమయము నెమ్మది సమయమే. అప్పుడు అతడే తన నోట చెప్పవలెను: “నా నిద్ర వరుసగా మూడు రాత్రులు తగ్గినయెడల నన్ను వైద్యునియొద్దకు తీసికొనిపొండి. పెద్ద సొమ్ము తీయుటకు ఇద్దరి సంతకములుండవలెను. ఫోనులో పంపు సొమ్మునకు పరిమితి పెట్టుడి. పొలము కాగితములు అక్కయొద్ద ఉంచుడి. పెద్ద వస్తువేదైనను ఒక వారము ఆగి కొందును.” ఇది కాగితముమీద వ్రాసికొనుట మంచిది. 2017 చట్టము ప్రకారము, తనకు ఎట్టి వైద్యము జరుగవలెనో ముందుగా వ్రాసియుంచుటకును, తన పక్షమున ఒకరిని నియమించుకొనుటకును రోగికి హక్కు కలదు. సొమ్ము సంగతి ఆ చట్టములో చేరదు. దానిని ఇంటివారే మాటలాడుకొనవలెను. అప్పు, కృంగుదల కూడినచోట ప్రాణాపాయము కూడ కలదు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరున రేయింబవళ్లు ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు.

సంఘమునకు కూడ ఒక మాట. ఉద్రేకదశలో ఉన్నవారు తరచుగా దాతలగుదురు. అయిదు రాత్రులు నిద్రలేనివాడొకడు లేచి, ప్రహరీగోడ తానే కట్టింతునని సంఘములో ప్రకటించినయెడల మనము చప్పట్లు కొట్టి రసీదు వ్రాయుదుమా? కోశాధికారి ఒక నెల ఆగి, ఇంటివారితో మాటలాడి, పిమ్మట పుచ్చుకొనుట మేలు. పిల్లల జీతము సొమ్ముతో లేచిన గోడ దేవునికి మహిమ తేదు. దుకాణదారుడు కూడ ఈలాగే ఆలోచింపవలెను. మూడవ మోటారు అమ్మునప్పుడు అతనికి సందేహము కలుగకపోదు.

ఫిలేమోను పత్రికను ఈ కోణమున మరల చదువుడి. ఒనేసిము తన యజమానునికి ఏదైనను అచ్చియున్నయెడల అది తన లెక్కలో చేర్చుమని పౌలు స్వహస్తముతో వ్రాసెను. అప్పు లేదని అతడనలేదు, ఒనేసిమును నిందింపనులేదు. మన సంఘములలో ఇట్టి గృహము ఉన్నయెడల, ఇద్దరు పెద్దలు వెళ్లి, అప్పుల పట్టీ వ్రాసి, వాడని వస్తువులు తిరిగి ఇప్పించి, అప్పులవారిని గడువు అడుగవచ్చును. ఆసుపత్రికి వెళ్లు దినమున ఒకరు తోడుగా వెళ్లవచ్చును. మొదటి పర్యాయము అతడు మాటలాడకపోయినను, మరల వెళ్లుడి.