చూపు, స్పర్శ

విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్ళే ఓడ తీరం దాటేకొద్దీ మసకనీరు గాఢనీలంగా మారుతుంది. ఆ నీలిమ ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ భావించారు. బాల్యం విశాఖలో గడచిన సి.వి. రామన్ 1921లో మధ్యధరా సముద్రంపై ప్రయాణిస్తూ, నికల్ పట్టకంతో ఉపరితలపు మెరుపును తొలగించి చూచారు. నీలిమ పోలేదు. నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని ఆయన గ్రహించారు. నీరు ఎరుపును ఇముడ్చుకోవడం కూడా దానికి కారణమని నేటి శాస్త్రం చెబుతుంది.

కాంతి అంటే కంపించే విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం. అది సోకగానే అణువులోని ఎలక్ట్రాన్లు చలిస్తాయి. ఆ చలనం నుంచే కాంతి మళ్ళీ వెలువడుతుంది. అందులో అధికభాగం మార్పు లేకుండానే వస్తుంది. అత్యల్పభాగం మాత్రం అణువుకు కొంత శక్తినిచ్చి, లేదా దాని నుంచి కొంత పుచ్చుకొని, వేరొక రంగుతో వస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం విడివిడి క్వాంటాలలోనే జరుగుతుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్, కె.ఎస్. కృష్ణన్ కనుగొన్నది దీనినే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం ఈ పరిశోధనను కొనసాగించారు.

భారతీయ దర్శనాలలో సాక్షి నిర్లిప్తుడు, చూస్తాడు, అంటడు. క్వాంటం ప్రపంచంలో అట్టి సాక్షికి తావు లేదు. అణువు లోపలి కంపనాల వార్త కావాలంటే దానిని తాకక తప్పదు.

భౌతికశాస్త్రం నీతిని బోధించదు. అణువుకు అభ్యంతరం ఉండదు, మనిషికి ఉంటుంది. అయినా ఈ ద్వీపాల చరిత్ర అదే ప్రశ్నను అడుగుతుంది. 1858లో శిక్షాస్థావరం ఏర్పడిన తరువాత, 1877 నాటి తట్టువ్యాధి మొదలైన ఉపద్రవాలతో, వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనగణన నాటికి 19 మందే మిగిలారు. 1956లో ఆదిమతెగల పరిరక్షణ నిబంధన వచ్చింది. 1991లో ఉత్తర సెంటినెల్ వాసులు నీటిలోకి వచ్చి మానవశాస్త్ర బృందం తెచ్చిన కొబ్బరికాయలు అందుకున్నారు. ఆ బృందానిది సద్భావమే. అయినా ఆ దశాబ్దంలోనే అటువంటి యాత్రలను నిలిపివేశారు.

చూడకపోవడమే ధర్మమా? 2004 సునామీ తరువాత వారి క్షేమం తెలుసుకోవడానికే తీరరక్షక దళ హెలికాప్టర్ వెళ్ళింది. ఒక ద్వీపవాసి దానిపై బాణం ఎక్కుపెట్టాడు. వారు బ్రతికి ఉన్నారన్న వార్త తెచ్చిన చూపే వారిని కలవరపెట్టింది.

కనుక దూరం నుంచి చూస్తున్నాం గనుక నిర్దోషులమనే సమాధానం చాలదు. ప్రతి పరిశీలనకు ముందు తేలవలసినవి రెండు: ఆ వార్త ఎవరికి అవసరం, దాని మూల్యం ఎవరు చెల్లిస్తారు. ఆ రెండూ ఒక్కరే అయినప్పుడే చూపుకు సమర్థన దొరుకుతుంది.