చెరిగిన గీతను దిద్దువాడు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13-16, 2 రాజులు 22వ అధ్యాయము



అంబాసిడరు కారును మనలో ఎరుగనివారు అరుదు. 2014లో దాని తయారీ నిలిచిపోయినను, అట్టి పాత బండ్లను ప్రేమతో కాపాడుకొనువారు ఇంకను కలరు. బండికి రంగు వేయించుట, సీట్లు కుట్టించుట సులభమే. నడుపువాని యెదుటనున్న మీటరు డయలు మీది అంకెలు, గీతలు ఎండకు వెలిసి, తేమకు పెచ్చులూడినప్పుడు వాటిని దిద్దుట మాత్రము ఓర్పుతో కూడిన పని. పాలకాయతిప్ప ఉప్పుగాలిలో బ్రతుకు మనకు, రంగు ఎంత త్వరగా పోవునో చెప్పనక్కరలేదు.

పని తెలిసినవాడు ముందుగా కుంచె పట్టడు. మిగిలిన గుర్తులను ఫొటో తీసికొనును. సున్న ఎక్కడ నున్నదో, గీతకును గీతకును ఎడమెంతో కొలిచి వ్రాసికొనును. ఆ తరువాతనే పాత రంగు తుడిచి, క్రొత్త గీతను పాత చోటనే నిలుపును.

పాతదానిని క్రొత్తదానివలె కనబరచుట మోసము కాదా అని కొందరడుగవచ్చును. గీత తన చోటనే యున్నంతవరకు మోసము లేదు. చదువరాని నిజమును చదువవచ్చునట్లు చేయుటయే జరిగినది. గీత జరిగినప్పుడే మోసము మొదలగును.

మైళ్ల డయలు మీద అంకెలు మార్చక, క్రింద కిలోమీటర్లు అని వ్రాసినయెడల ఏమగును? అరువది మైళ్లనగా దాదాపు 96 కిలోమీటర్లు. నడుపువాడు 60 అనుకొని 96తో పోవును. కోడూరు రోడ్డు దాటు బిడ్డకు ఆ డయలు సంగతి తెలియదు.

మరియొక శోధన కలదు. వేగము చూపు మీటరులో అయస్కాంతము తిరుగుచు అల్యూమినియము గిన్నెను లాగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టును. ఏండ్లు గడచి అయస్కాంతము బలము తగ్గగా ముల్లు తక్కువ చూపును. లోపల బాగుచేయుటకన్న ముల్లు ఆగిన చోటికే గీతను జరుపుట సులభము. ఈ దినమునకు అది సరిపోవును కూడ. కాని బలము ఇంకను తగ్గినప్పుడు గీతను మరల జరుపవలసివచ్చును. ఎవరైనను యంత్రమును బాగుచేసిన దినమున ఆ డయలు అబద్ధమాడును.

గీత యనునది స్వయముగా కొలువలేనివాని కొరకైనది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజు యొద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారినదని విన్నప్పుడు మనము పోయి కొలువలేదు, నమ్మితిమి. అందుచేతనే కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి దాచుకొనుట దేవునికి హేయమని మోషే హెచ్చరించెను.

మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? కట్నము పుచ్చుకొని కానుక అని పేరు వ్రాయుదుము. అది మైళ్ల డయలు మీద కిలోమీటర్లని వ్రాయుటయే. కోపము, త్రాగుడు మానలేక, ఈ కాలమునకు ఇది తప్పు కాదందుము. అది ముల్లు దగ్గరకు గీతను జరుపుటయే. మరికొందరము దేవుడు గీయని గీతలను కూడ గీసి, వాటితో పొరుగువానిని కొలుతుము. ధర్మశాస్త్రము కలుపుటను, తీసివేయుటను రెంటిని వారించుచున్నది (ద్వితీ. 4:2).

యోషీయా దినములలో మందిరము బాగుచేయుచుండగా గ్రంథము దొరికెను. రాజు దానిని తన కాలమునకు తగినట్లు దిద్దలేదు. తన వస్త్రములు చింపుకొనెను. గీత నిలిచెను, ముల్లు కదలెను.

మన పిల్లల యెదుట వాక్యము వెలిసిపోయిన చోట దానిని స్పష్టముగా దిద్దుదము, దాని చోటనే. బలము తగ్గిన హృదయమును మాత్రము బాగుచేయువాని చేతికి అప్పగింతము. ప్రభువు మనకట్టి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.